మూడు పళ్ళ బ్రిడ్జి: జిర్కోనియానా, ఈమాక్సా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 61 ఏళ్ళు. కింద కుడివైపు మొదటి దవడ పన్ను తీసేశారు, దాని వెనక పన్నుకి రూట్ కెనాల్ అయింది. అటూ ఇటూ ఉన్న పళ్ళని ఆధారం చేసుకుని మూడు పళ్ళ బ్రిడ్జి వేయాలి. ఒక డాక్టరుగారు జిర్కోనియా (గట్టి తెల్లటి పింగాణీ రకం) అన్నారు, ఇంకొకరు ఈమాక్స్ (ఒక కంపెనీ పింగాణీల బ్రాండు పేరు) అన్నారు, మూడోచోట చూపించిన రేట్ల కార్డులో జిర్కోనియాలోనే నాలుగు ధరలున్నాయి. పైన ముందువరసలో కూడా ఒక పన్ను లేదు. రెండు చోట్లా ఒకే మెటీరియల్ వాడాలా అన్నది మీ రెండో ప్రశ్న. మీది నల్గొండ వైపు కాబట్టి ఆయన పళ్ళమీద ఫ్లోరైడ్ మచ్చలున్నాయి, వక్కలు నమిలే అలవాటుంది, మెడనొప్పికి ఎమ్మారై తీయించాల్సి రావచ్చు.

నేను డాక్టర్ని కాను. డెంటల్ ల్యాబ్‌లో స్కాన్ ఫైళ్ళు తెరిచి, కంప్యూటర్ మీద బ్రిడ్జిలు డిజైన్ చేసి మిల్లింగ్‌కి, అంటే మెషీన్ మీద కోయడానికి, పంపించే పని నాది. నోట్లో ఏం చేయాలన్నది మీ డాక్టరుగారే తేల్చాలి. మెటీరియల్ గురించి మాత్రం నాకు తెలిసింది చెప్తాను. ముందే జవాబు కావాలంటే: వెనక బ్రిడ్జికి పైన పింగాణీ పొర లేకుండా మొత్తం జిర్కోనియాతోనే చేసింది, అందులోనూ గట్టి రకం. ముందు పన్నుకి లెక్క వేరు. ఇక మీరు అడగనిది ఒకటుంది, దానిమీదే బ్రిడ్జి బతుకు ఎక్కువ ఆధారపడుతుంది. అది కనెక్టర్, అంటే క్యాప్‌కీ మధ్య కట్టుడు పన్నుకీ ఉండే అతుకు.

రేట్ల కార్డులో నాలుగు ధరలు ఎందుకున్నాయో ముందు చూద్దాం. జిర్కోనియాని ఒక్కటే పదార్థం అనుకుంటే ఈ చిక్కు విడదు. స్వచ్ఛమైన జిర్కోనియాని కాల్చి చల్లారిస్తే దాని స్ఫటికాలు రూపం మార్చుకుని ఉబ్బుతాయి, ముక్క పగిలిపోతుంది. అందుకే కొంచెం యిట్రియా అనే ఇంకో ఆక్సైడ్ కలుపుతారు. 3 మోల్ శాతం (అణువుల లెక్కన 3 శాతం) కలిపితే స్ఫటికాలు టెట్రాగోనల్ అనే రూపంలో నిలబడతాయి, పూర్తిగా స్థిరపడవు. ఆ అస్థిరతే మనకి పనికొస్తుంది. ఎక్కడైనా పగులు మొదలైతే దాని కొస దగ్గరున్న స్ఫటికాలు మోనోక్లినిక్ రూపంలోకి మారి 4 శాతం దాకా ఉబ్బుతాయి, ఆ ఒత్తిడికి పగులు అక్కడే బిగుసుకుంటుంది. 1975లో గార్వీ, హానింక్, పాస్కో అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ గుణాన్ని బయటపెట్టినప్పుడు దీన్ని పింగాణీ ఉక్కు అన్నారు. ల్యాబ్‌లో 3వై అనేది ఈ రకాన్నే. వంచితే 1000 నుంచి 1200 మెగాపాస్కల్ (బలాన్ని కొలిచే ప్రమాణం) దాకా తట్టుకుంటుంది. కానీ తెల్లగా, మొద్దుగా కనిపిస్తుంది. వెలుతురు లోపలికి పోదు.

యిట్రియాని 5 శాతానికి పెంచితే (అది 5వై) సగం దాకా స్ఫటికాలు క్యూబిక్ రూపంలోకి వెళ్తాయి. క్యూబిక్ స్ఫటికంలో వెలుతురు అన్ని దిక్కులకీ ఒకేలా ప్రయాణిస్తుంది కాబట్టి పన్ను సహజంగా మెరుస్తుంది. అయితే పగులుని బిగించే గుణం ఉండేది టెట్రాగోనల్ స్ఫటికాల్లో. అవి తగ్గిన మేరకి ఆ రక్షణా తగ్గుతుంది. బలం 500 నుంచి 700 మధ్యకి దిగిపోతుంది. 4వై ఈ రెండింటికీ నడుమ. అందం పెంచిన దినుసే బలం తగ్గించింది. అందుకే అమ్మేవాళ్ళు 'హై ట్రాన్స్‌లూసెంట్', 'అల్ట్రా', 'ప్రీమియం' అన్నప్పుడు ధర పెరుగుతుంది కానీ బలం పెరగదు. ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ గట్టిది వస్తుందని మా దగ్గరికి వచ్చే చాలామంది నమ్మకం. వెనక దవడ విషయంలో అది తలకిందులు.

నాలుగో ధర బహుశా మల్టీలేయర్‌ది. దీంట్లో రెండు రకాలున్నాయి. కొన్ని డిస్కుల్లో (బ్రిడ్జిని కోసి తీసే జిర్కోనియా బిళ్ళలు) రంగు మాత్రమే పొరలుగా మారుతుంది, చిగుళ్ళ వైపు ముదురు, కొస వైపు లేత. బలం అంతటా ఒకటే. ఇంకొన్నిట్లో యిట్రియా కూడా మారుతుంది, అడుగున 3వై లేదా 4వై, పైన 5వై. ఈ రెండో రకంలో బ్రిడ్జిని డిస్కులో ఏ ఎత్తున కూర్చోబెట్టామన్నది కీలకం. దాన్ని నెస్టింగ్ అంటాం. అందం కోసం ఒక మిల్లీమీటరు పైకి జరిపితే కనెక్టర్ వెళ్ళి బలహీనమైన పొరలో పడుతుంది. కాగితం మీద 1000 అని రాసిన డిస్కులోంచి అప్పుడు వచ్చేది 650 బలం ఉన్న అతుకు. చేతిలో పెట్టి చూస్తే ఈ తేడా డాక్టరుకీ తెలియదు, మీకూ తెలియదు. కాబట్టి మల్టీలేయర్ అంటే, బలం మారే రకమా, రంగు మాత్రమే మారే రకమా అని ల్యాబ్‌ని అడగమని మీ డాక్టరుగారికి చెప్పండి. వెనక పన్నుకి నేనైతే రంగు మాత్రమే మారే 3వై లేదా బలమైన 4వై తీసుకుంటాను.

ఇప్పుడు ఈమాక్స్. ఇక్కడ ఒక పేరు గందరగోళం ఉంది, మీకు వచ్చిన రెండు సలహాల మధ్య తేడా అదే అయ్యుండొచ్చు. ఇవోక్లార్ కంపెనీ ఈమాక్స్ క్యాడ్ అని లిథియం డైసిలికేట్ (గాజు కలిసిన పింగాణీ) అమ్ముతుంది, ఈమాక్స్ జిర్‌క్యాడ్ అని జిర్కోనియా కూడా అమ్ముతుంది. రెండో డాక్టరుగారు ఏది చెప్పారో కనుక్కోండి. జిర్‌క్యాడ్ అయితే ఇద్దరూ ఒకే మాట చెప్పినట్టే. లిథియం డైసిలికేట్ అయితే మాత్రం దవడ పన్ను బ్రిడ్జికి వద్దని నేను గట్టిగా అంటాను. నా ఇష్టాయిష్టాల సంగతి వదిలేయండి, తయారుచేసే కంపెనీయే మూడు పళ్ళ బ్రిడ్జిని రెండో ప్రీమోలార్ (దవడ పళ్ళకి ముందుండే చిన్న పన్ను) దగ్గర ఆపేయమంటోంది. అంటే చివరి ఆధారం అంతకంటే వెనక ఉండకూడదు. అక్కడ కూడా కనెక్టర్ 16 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి.

ఈ మెటీరియల్ చెడ్డదని కాదు. నీలంగా ఉండే బ్లాకుని మిల్లింగ్ చేసి, ఫర్నేసులో 840 డిగ్రీల దగ్గర కాలిస్తే అసలు రంగు వస్తుంది. ఆ రంగు వచ్చాక దాన్ని చూస్తే జిర్కోనియా చేసేవాళ్ళకి కాస్త అసూయ కలుగుతుంది. బలం పరీక్ష పద్ధతిని బట్టి 360 నుంచి 530 దాకా ఉంటుంది. ఒంటి క్యాప్‌కి అది చాలు. అందులో గాజు ఉంటుంది కాబట్టి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో గరుకు చేసి పంటికి నిజంగా అతికించవచ్చు, ఆ అతుకే దానికి బలం. మధ్యలో కింద ఆధారం లేని కట్టుడు పన్ను ఉన్నప్పుడు మాత్రం అతుకు కాపాడలేదు. అక్కడ బరువు మోసేది మెటీరియల్ ఒక్కటే.

పింగాణీ పళ్ళ కోసం ఐఎస్ఓ 6872 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం దవడ పన్ను లేని మూడు పళ్ళ బ్రిడ్జికి కనీసం 300 మెగాపాస్కల్, దవడ పన్ను కలిసిన మూడు పళ్ళ బ్రిడ్జికి 500, నాలుగు పళ్ళు అంతకు మించితే 800 ఉండాలి. మీ నాన్నగారిది మధ్యలోది. లెక్కప్రకారం 5వై కూడా గట్టెక్కుతుంది. కానీ అంచుమీద నిలబడుతుంది. వక్కలు నమిలే నోట్లో అంచుమీద నిలబడటం నాకు నచ్చదు. అయినా 5వైని ఎంత వెనక దాకా వాడొచ్చన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది, ఆ డిస్కు కాగితం చూడాల్సిందే.

మెటీరియల్ సరైనదే ఎంచుకున్నా బ్రిడ్జి ఎందుకు విరుగుతుంది? ఇంటి కప్పు కింద దూలాన్ని పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టడంలో ఉన్న కారణమే ఇక్కడా ఉంది. కనెక్టర్ బలం వెడల్పుతో మామూలుగా పెరుగుతుంది, ఎత్తుతో వర్గంగా పెరుగుతుంది. 3వైకి వెనక పళ్ళలో 9 చదరపు మిల్లీమీటర్లు కావాలని సాధారణంగా చెప్తారు. 3 వెడల్పు, 3 ఎత్తు ఉన్నా తొమ్మిదే. 2.25 వెడల్పు, 4 ఎత్తు ఉన్నా తొమ్మిదే. కానీ రెండోది మొదటిదానికంటే మూడో వంతు ఎక్కువ బరువు మోస్తుంది. అందుకే 'కనెక్టర్ తొమ్మిది వచ్చింది' అని ఎవరైనా అంటే నేను వెంటనే ఎత్తెంత అని అడుగుతాను. ఇక బ్రిడ్జి పొడవు పెరిగితే వంగడం ఘనంగా పెరుగుతుంది. ఒకటి బదులు రెండు కట్టుడు పళ్ళు వరసగా వస్తే అదే బరువుకి ఎనిమిది రెట్లు వంగుతుంది.

మీ విషయంలో నాకున్న అనుమానమంతా ఆ రూట్ కెనాల్ అయిన వెనక పన్ను మీదే. వక్కలు నమిలేవాళ్ళకి దవడ పళ్ళు అరిగి పొట్టిగా ఉంటాయి. దాన్ని ఇంకా అరగదీసి, పైన ఒకటిన్నర మిల్లీమీటరు మెటీరియల్‌కి చోటిచ్చి, చిగురుకి శుభ్రం చేసుకునే సందు వదిలితే అతుకుకి మిగిలే ఎత్తు ఎంత? స్కాన్ చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. 4 మిల్లీమీటర్లు వస్తే హాయిగా ముందుకి వెళ్ళండి. 3 కంటే తక్కువైతే జిర్కోనియా రకం మార్చి లాభం లేదు. డాక్టరుగారు చిగురు కొంచెం తగ్గించి పన్ను ఎత్తు పెంచగలరేమో చూడాలి, లేదా బ్రిడ్జి ఆలోచన మానేసి ఇంప్లాంట్ గురించి మాట్లాడాలి. ఆ పన్నులో రూట్ కెనాల్ తర్వాత చుట్టూ 2 మిల్లీమీటర్ల గట్టి దంతం మిగిలిందా అన్నది కూడా అప్పుడే అడగండి. నిజానికి బ్రిడ్జిలు పోయేది మెటీరియల్ విరిగి కంటే ఆధారపు పన్ను లోపల పుచ్చిపోయే ఎక్కువ.

విరిగి మా దగ్గరికి తిరిగొచ్చే జిర్కోనియా బ్రిడ్జిల్లో పగులు దాదాపు ఎప్పుడూ అతుకు కింది వైపు, చిగురు పక్క నుంచి మొదలవుతుంది. నమిలినప్పుడు పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. పింగాణీ జాతికి సాగడం పడదు. అక్కడ పళ్ళు విడివిడిగా కనిపించాలని ఎవరో సన్న డైమండ్ డిస్కుతో గీత కోసి ఉంటారు. అందం బాగా వచ్చింది, పగులుకి దారీ వేసిపెట్టింది. ఆ సందు గుండ్రంగా ఉండాలి, విడిగా కనిపించడం కోసం స్టెయిన్ రంగు వాడాలి. డాక్టర్లు ల్యాబ్ స్లిప్ మీద షేడ్, అంటే పంటి రంగు, మాత్రమే రాసి పంపుతారు. 'కనెక్టర్ కింద డైమండ్ డిస్కు పెట్టొద్దు' అని ఒక్క ముక్క రాస్తే మాకూ గుర్తుంటుంది.

తయారీలో ఇంకో సంగతి. జిర్కోనియాని పూర్తిగా కాలని, మెత్తటి స్థితిలో మిల్లింగ్ చేస్తాం. సైజు 20 నుంచి 25 శాతం పెద్దగా కోసి, 1500 డిగ్రీల దగ్గర కాలిస్తే అసలు కొలతకి కుంచించుకుంటుంది. ఎంత కుంచించుకుంటుందో ప్రతి డిస్కు లేబుల్ మీద అంకె ఉంటుంది, అది తప్పు కొడితే బ్రిడ్జి కూర్చోదు. 'రేపు ఫంక్షన్ ఉంది, ఇవాళే కావాలి' అంటే వేగంగా కాల్చే పద్ధతులున్నాయి. ఒంటి క్యాప్‌కి సరే. బ్రిడ్జికి, అందులోనూ మెరిసే రకాలకి, నెమ్మదిగా కాల్చడమే నయం. తొందరపెట్టకండి.

మిగతా మెటీరియల్స్ గురించి తొందరగా చెప్పేస్తాను. పీఎంఎంఏ అంటే ప్లాస్టిక్, 100 మెగాపాస్కల్ అటూ ఇటూ. తాత్కాలిక బ్రిడ్జికి చాలా మంచిది. కొరుకుడు ఎత్తు మారుస్తున్నప్పుడు కొన్ని వారాలు పెట్టి చూసి, సౌకర్యంగా ఉందంటే అదే ఫైలుని జిర్కోనియాలో కోస్తాం. రెజిన్ (ప్లాస్టిక్ జాతి పదార్థం), పింగాణీ కలిపిన హైబ్రిడ్ బ్లాకులు బ్రిడ్జికి పనికిరావు. ఆ రకంలో పేరున్న లావా అల్టిమేట్‌కి ఊడిపోతున్న ఫిర్యాదుల వల్ల 2015లో 3ఎం కంపెనీయే క్యాప్ వాడకాన్ని కూడా తీసేసింది. ప్రింట్ చేసే 'పర్మనెంట్' రెజిన్లు ప్రస్తుతానికి ఎక్కువగా ఒంటి క్యాప్‌ల కోసమే. పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌ని లోపలి చట్రంగా వాడి పైన పన్ను రంగు పూత వేయాలి, మూడు పళ్ళ కోసం అంత ప్రయాస అనవసరం.

లోహం మీద పింగాణీ వేసే పాత పద్ధతిని మాత్రం తీసిపారేయకండి. ఇప్పుడు లోపలి లోహాన్ని కూడా డిజిటల్‌గానే, లేజర్‌తో పొడి కరిగించి చేస్తున్నారు, డీఎంఎల్ఎస్ అని కార్డులో ఉండేది అదే. చిగురు దిగితే నల్ల గీత కనిపిస్తుంది, పైపొర చిట్లవచ్చు. కానీ అతుకుకి ఎత్తు లేని చోట, ఐదారు పళ్ళు వరసగా కట్టాల్సిన చోట లోహం వంగి సర్దుకుంటుంది, జిర్కోనియా సర్దుకోదు. మీ నాన్నగారి వెనక పన్ను మరీ పొట్టిదైతే దీని పేరు మళ్ళీ వినిపిస్తుంది, అప్పుడు డాక్టరుగారు పాతకాలం మనిషి అనుకోకండి.

జిర్కోనియా గట్టిది కాబట్టి ఎదుటి పన్ను అరిగిపోతుందని మీ పక్కింటాయన చెప్పారన్నారు. గట్టితనం నిజమే, ఎనామిల్ (పంటి గట్టి పైపొర) కంటే మూడు నాలుగు రెట్లు. కానీ ఎదుటి పన్నుని అరగదీసేది ఎక్కువగా గరుకుతనం. అద్దంలా పాలిష్ చేసిన జిర్కోనియా పాత పింగాణీ కంటే ఎదుటి పంటిని తక్కువ అరగదీస్తుంది. చిక్కు ఎక్కడంటే, నోట్లో పెట్టి ఎత్తుగా ఉందని డాక్టరుగారు పైన కాస్త గీకుతారు, అలాగే వదిలేస్తారు. గీకిన చోట రబ్బరు పాయింట్లతో మళ్ళీ పాలిష్ చేయాలి. పైన గ్లేజ్ మెరుపు మాత్రమే ఉంటే అది కొన్నాళ్ళకి పోయి కింద గరుకు బయటపడుతుంది. కొరికే భాగం పాలిష్ చేసి పంపమని ల్యాబ్‌కి చెప్పించండి.

ఈ జిర్కోనియా లోహమేనా అని కూడా అడిగారు. కాదు, ఆక్సైడ్. జిర్కోనియం లోహం వేరు. మన హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో అణు ఇంధనం గొట్టాలు చేసేది ఆ లోహపు మిశ్రమంతోనే. రెండింటికీ మూలం జిర్కాన్ ఇసుక, మన భీమిలి, శ్రీకాకుళం తీరాల్లో కూడా దొరుకుతుంది. ఆ ఇసుకలో యురేనియం జాడలుంటాయి కాబట్టి పళ్ళ కోసం శుద్ధి చేసిన పొడికి రేడియోధార్మికత పరిమితి కూడా ఇందాకటి ఐఎస్ఓ ప్రమాణంలోనే ఉంది. పేరున్న కంపెనీ డిస్కు వాడమనడానికి ఇదీ ఒక కారణం.

ఇక ముందు పన్ను. ఇక్కడ బలం సమస్య చిన్నది, రంగు సమస్య పెద్దది. ఫ్లోరైడ్ మచ్చలున్న పళ్ళ పక్కన మామూలు ఏ2 షేడ్ (సాధారణంగా వాడే ఒక పంటి రంగు) పెడితే ఒక్కటే కొత్తగా, విడిగా కనిపిస్తుంది. షేడ్ గైడులోని పదహారు రంగుల్లో సుద్దతెలుపు చారలూ గోధుమ మచ్చలూ ఉండవు. నల్గొండ, ప్రకాశం నుంచి వచ్చే కేసులకి మేం స్కాన్ ఒక్కటే కాకుండా పగటి వెలుతురులో తీసిన ఫోటోలు అడుగుతాం, షేడ్ ట్యాబ్ (రంగు నమూనా) పంటి పక్కన పెట్టి తీసినవి. పళ్ళు తడిగా ఉండగానే తీయాలి, ఆరితే తెల్లబడి తప్పుదారి పట్టిస్తాయి. 4వై జిర్కోనియాలో ముందువైపు మాత్రం అర మిల్లీమీటరు లోపలికి కోసి, అక్కడ పలచగా పింగాణీ వేసి మచ్చలు లోపలే దించితే బాగా కలుస్తుంది. పైపైన స్టెయిన్‌తో వేసిన మచ్చ కాలక్రమంలో చెరిగిపోతుంది. పక్క పళ్ళ రంగు లోపల మామూలుగానే ఉంటే ఇక్కడ లిథియం డైసిలికేట్ కూడా చక్కటి ఎంపిక. కింద లోహపు పోస్టు (రూట్ కెనాల్ అయిన పన్ను లోపల దించే కడ్డీ) గానీ నల్లబడిన పన్ను గానీ ఉంటే వద్దు, బూడిదరంగు బయటికి కనిపిస్తుంది.

ఈ ముందు పన్నుకి ఇంకో దారి ఉంది. పక్క పళ్ళు బాగుంటే వాటిని క్యాప్ కోసం అరగదీయకుండా, ఒకే ఒక పక్క పన్ను వెనక రెక్క అతికించే జిర్కోనియా బ్రిడ్జి. జర్మనీలోని కీల్‌లో మథియాస్ కెర్న్ బృందం ఇలాంటివాటిని పదేళ్ళు గమనిస్తే 98 శాతం నిలిచాయి. రెండు రెక్కల కంటే ఒకటే మేలని కూడా వాళ్ళ అనుభవం. అయితే ఇది పూర్తిగా అతుకు మీద బతుకుతుంది. జిర్కోనియాని యాసిడ్ గరుకు చేయలేదు, సన్నటి అల్యూమినా పొడి కొట్టి, ఎండీపీ (జిర్కోనియాకి పట్టుకునే రసాయనం) ఉన్న ప్రైమర్ రాయాలి. నోట్లో పెట్టి చూసినప్పుడు తగిలిన లాలాజలాన్ని శుభ్రం చేయకపోతే ఆ ప్రైమర్ పట్టదు. పైగా ఫ్లోరోసిస్ ఎక్కువున్న ఎనామిల్ మీద యాసిడ్ సరిగా పనిచేయదు, పట్టు తగ్గుతుంది. మచ్చలు తేలికపాటివైతే డాక్టరుగారిని ఈ పద్ధతి గురించి అడగండి, ముదురు గోధుమరంగువైతే మామూలు బ్రిడ్జే నయం. కాబట్టి రెండు చోట్లా ఒకే మెటీరియల్ ఉండాల్సిన పనిలేదు. రెండూ పక్కపక్కన ఉండవు, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని పోల్చేవాళ్ళూ ఉండరు.

వారంటీ కార్డు మీద 10 ఏళ్ళు, 15 ఏళ్ళు అని ఉంటుంది. అది డిస్కుకి, నోటికి కాదు. విరిగితే కొత్త ముక్క ఇస్తారేమో, పాతది కోసి తీసే ఖర్చూ నొప్పీ మీవే. జిర్కోనియాని కోసి తీయడం డాక్టర్లకి కూడా ఇష్టం లేని పని. కార్డులో డిస్కు పేరు, బ్యాచ్ నంబరు రాశారో లేదో చూసి ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఎమ్మారైకి జిర్కోనియాతో గానీ ఈమాక్స్‌తో గానీ ఇబ్బంది లేదు, అవి అయస్కాంతానికి లొంగవు, బొమ్మనీ దాదాపు చెడగొట్టవు. డీఎంఎల్ఎస్ కోబాల్ట్-క్రోమ్ అయితే దవడ చుట్టుపక్కల బొమ్మ కాస్త చెదురుతుంది. ఏది వేయించినా టెక్నీషియన్‌కి ముందే చెప్పండి. సీటీ స్కాన్‌లో మాత్రం జిర్కోనియా కూడా గీతలు తెప్పిస్తుంది. అందుకే ఆ వెనక పన్ను వేళ్ళు చూడటానికి త్రీడీ ఎక్స్‌రే ఏదైనా తీయించాల్సి ఉంటే, బ్రిడ్జి వేయకముందే తీయించేయండి.